కుమ్మరి గాడిద – నిలిచిపోవు సర్వర్

కార్యము కంటికి కనబడును. కారణము కనబడదు. కనబడిన దానినుండి కనబడని దానిని గ్రహించుటయే అనుమానము. తర్కశాస్త్రము చదువ నారంభించిన విద్యార్థికి ఈ మాట తొలి పాఠములలోనే తెలియును. కాని తెలియుట వేరు. ఫోను మ్రోగుచుండగా, ఆవల ఆసుపత్రిలో రోగులు ఎదురుచూచుచుండగా దానిని ఆచరించుట వేరు. మెదక్ జిల్లా శివ్వంపేటలో నివసించు ఒక యువకునికి ఈ భేదము పది పన్నెండు దినములలో బోధపడెను. అతనికి గురువైనది గ్రంథము కాదు, మాటిమాటికి నిలిచిపోవు ఒక సర్వర్.

"సర్వర్ డౌన్" అను మాట నేడు పల్లెటూరి వృద్ధులకును పరిచితమే. 2011లో మీసేవ కేంద్రములు ఆరంభమైన నాటినుండియు, 2020లో వ్యవసాయభూముల రిజిస్ట్రేషన్లు ధరణి ద్వారా తహశీల్దారు కార్యాలయములకు చేరిన నాటినుండియు, ఈ రెండు ఆంగ్లపదములు తెలుగు మాటలై స్థిరపడినవి. పూర్వము వాన రాకున్న దైవము కరుణింపలేదని సరిపెట్టుకొనినట్లు, నేడు పని కాకున్న సర్వర్ లేదని ఇంటికి మరలుచున్నారు. ఎందుకు లేదని అడుగువారు అరుదు. అడిగినను చెప్పగలవారు అచట ఉండరు. కారణమును అడుగకుండుట అలవాటైన చోట విధి అను మాటకు బలము పెరుగును. దానిని వైరాగ్యమని భ్రమింపరాదు. అది కేవలము అలసట.

ఆ యువకుడు మాత్రము చెప్పవలసిన స్థానమున ఉన్నవాడు.

స్తంభనము

అతడు నగరములోని ఒక చిన్న సంస్థలో ఉద్యోగి. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఇంటికి వచ్చి, ఇంటినుండియే పనిచేయుటకు అనుమతి పొంది, నాటినుండి శివ్వంపేటలోనే ఉండిపోయెను. ఇంటిలో నాయనమ్మ, తాతగారు ఉన్నారు. తాతగారు సంస్కృతాంధ్రములు బోధించి పదవీవిరమణ చేసినవారు. ఆ సంస్థ నిర్మించిన అప్లికేషన్ చేయు పని చిన్నదే. రక్తపరీక్షల ఫలితములను ప్రయోగశాలనుండి వైద్యుని బల్లమీది తెరకు చేర్చును. కొన్ని ఆసుపత్రులు దానిని వాడుచున్నవి. అది పనిచేసినంత కాలము దాని ఉనికి ఎవరికిని గుర్తుకు రాదు. అది నిలిచిన క్షణమున జ్వరముతో కూర్చున్న బిడ్డ తల్లి, చక్కెర పరీక్షకై పరగడుపున వచ్చిన వృద్ధుడు, కాగితము కొరకు మెట్లెక్కి దిగు నర్సు, అందరికిని తెలిసిపోవును.

ఒక మంగళవారము పదునొకండు గంటల వేళ అది నిలిచెను. నిలుచుట అనగా చచ్చుట కాదు. ఈ భేదము గమనింపదగినది. ప్రక్రియ పూర్తిగా ఆగిపోయినచో ఆపరేటింగ్ సిస్టమ్ ఆ సంగతి చెప్పును, లాగ్ ఫైలులో ఏదో ఒక ఆనవాలు మిగులును. ఇచట అట్టిదేమియు లేదు. టామ్‌క్యాట్ సజీవముగా ఉన్నది. 8080 అను ద్వారము తెరచియే ఉన్నది. వచ్చిన వారిని లోనికి రమ్మనుచున్నది, ఆపై బదులు పలుకుట లేదు. ప్రాసెసరు మీద భారము నూటికి మూడు పాళ్ళు కూడ లేదు. మెమరీ చాలినంత ఉన్నది. లాగ్‌లో ఒక్క దోషవాక్యము లేదు. శ్వాస ఆడుచున్నది, నాడి కొట్టుకొనుచున్నది, పిలిచిన పలుకడు. అట్టి రోగిని చూచిన వైద్యునివలె అతడు కొంతసేపు తెరవంక చూచి, అందరును చేయు పనియే చేసెను. రీస్టార్ట్ చేసెను. రెండు నిమిషములలో సర్వము యథాస్థితికి వచ్చెను.

బుధవారము రెండుమార్లు నిలిచెను. గురువారము మరల నిలిచెను. ప్రతిమారును అదే చికిత్స.

రీస్టార్ట్ అనునది ఒక ప్రళయము వంటిది. సర్వము లయించి మరల మొదటినుండి సృష్టి జరుగును. అయితే ప్రళయమున జీవుల కర్మలు నశింపవనియు, బీజరూపమున నిలిచి మరుసృష్టిలో మరల మొలకెత్తుననియు మన శాస్త్రములు చెప్పును. జ్ఞానము లేని లయము ముక్తి కాదు, విరామము మాత్రమే. రీస్టార్ట్ కూడ అట్టిదే. పైగా అందు మరియొక నష్టము కలదు. ఏ దారము ఎచట నిలిచినదో తెలుపు సాక్ష్యమంతయు ఆ క్షణముననే తుడిచిపెట్టుకుపోవును. రోగి లేచి నడచెనని సంతోషించుచు రోగచిహ్నములను కడిగివేయుట వంటిది ఆ పని.

కాకతాళీయము

ఆ వారము సోమవారమునాడు ఒక క్రొత్త మాడ్యూల్ సర్వర్‌లో చేర్చబడినది. దానిని వ్రాసినది నాలుగు మాసముల క్రితము ఉద్యోగమున చేరిన ఒక అమ్మాయి. ఆమె ఇంకను ప్రొబేషన్‌లోనే ఉన్నది. సోమవారము మాడ్యూల్ వచ్చెను, మంగళవారము సర్వర్ నిలిచెను. ఇక చెప్పవలసినదేమున్నది?

బుధవారము సాయంకాలపు సమావేశములో మేనేజరు కారణమేమని అడిగెను. "కొత్త మాడ్యూల్ వల్ల అయి ఉండవచ్చు" అని యువకుడు అనెను. అందు ద్వేషము లేదు, దురుద్దేశము లేదు. ఏదో ఒకటి చెప్పవలసి వచ్చినప్పుడు నోటికి దగ్గరగా ఉన్న మాట అది. కాని "అయి ఉండవచ్చు" అనునది ఒక నోటినుండి మరియొక నోటికి మారులోపల "అయినది"గా మారును. మరునాటి ఉదయమునకు ఆ అమ్మాయి వ్రాసిన దోషము వలన ఆసుపత్రులలో పని ఆగుచున్నదని సంస్థలో అందరికిని తెలిసిపోయెను. ఆమె ప్రొబేషన్ సమీక్ష తరువాతి వారము శుక్రవారమునకు నిర్ణయింపబడి ఉన్నది.

గురువారము మధ్యాహ్నము ఆమె యువకునికి ఫోను చేసెను.

"సార్, డేటాబేస్ వైపు చూశాను. సర్వర్ ఆగిన ప్రతిసారీ కనెక్షన్లు సరిగ్గా ఇరవై ఉన్నాయి. ఒక్కటి కూడా తగ్గడం లేదు. నా మాడ్యూల్ అసలు డేటాబేస్‌ని వాడదు సార్."

"సరేనమ్మా, చూద్దాం. ముందు నీ మాడ్యూల్ తీసేద్దాం" అని అతడు బదులు చెప్పెను.

ఆప్తుని వాక్యము ప్రమాణమని న్యాయశాస్త్రము. ఆప్తుడనగా విషయమును ఉన్నదున్నట్లు ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పువాడు. వయస్సు, పదవి, అనుభవము ఆ లక్షణములో లేవు. కాని లోకములో నింద పడినవాని మాటను ఆత్మరక్షణగా వినుటయే అలవాటు. ఆమె ప్రత్యక్షముగా చూచి చెప్పెను. చెప్పినది ఎవరో తెలిసినందున ఆ మాట వినబడలేదు.

గురువారము రాత్రి మాడ్యూల్ తొలగింపబడెను. శుక్రవారము సర్వర్ నిలువలేదు. శనివారము నిలువలేదు. ఆదివారము నిలువలేదు. మేనేజరు అభినందనలు తెలిపెను. కాకి వాలుటయు తాటిపండు రాలుటయు ఏకకాలమున జరిగిన కాకియే పండును రాల్చెనని తలచుట కాకతాళీయము. కాకి ఎగిరిపోయిన పిదప మూడు దినములు పండ్లు రాలకున్నచో, ఆ భ్రమ సిద్ధాంతమగును. ఆ శుక్రవారము పండుగ సెలవనియు, ఆ మూడు దినములును ఆసుపత్రులకు వచ్చిన రోగులు బహు స్వల్పమనియు ఎవరును లెక్కింపలేదు.

సోమవారము పదునొకండు గంటలకు సర్వర్ మరల నిలిచెను.

గాడిద

భ్రమకు ఒక లక్షణము కలదు. అది విరుద్ధమైన సాక్ష్యము ఎదురైనప్పుడు తొలగిపోదు, రూపము మార్చుకొనును. "ఆ మాడ్యూల్ అవశేషములు ఏవో మిగిలి ఉండును" అని మేనేజరు అనెను. మంగళవారము మెమరీని రెండు జీబీలనుండి నాలుగు జీబీలకు పెంచిరి. ఫలము లేదు. బుధవారమునకు థ్రెడ్ల సంఖ్యను పెంచిరి. టామ్‌క్యాట్‌లో ప్రత్యేకముగా చెప్పనిచో ఏకకాలమున పనిచేయు థ్రెడ్లు గరిష్ఠముగా 200. దానిని 400 చేసిరి. ఆ బుధవారము సర్వర్ పదునొకండు గంటలవరకు కూడ ఆగలేదు, తొమ్మిదిన్నరకే నిలిచెను.

ఆ రాత్రి భోజనానంతరము అరుగుమీద కూర్చున్న తాతగారు అతని ముఖము చూచి అడిగిరి.

"ఏమిరా, మళ్ళీ ఆగిందా?"

"ఆగింది తాతయ్యా."

"ఇంతకీ కారణమని దేన్ని పట్టుకున్నారు?"

"కొత్తగా చేరిన అమ్మాయి రాసిన మాడ్యూల్‌ని."

"అది తీసేశారు గదా. తీసేసినాక ఆగలేదా?"

"ఆగింది."

"అయితే అది గాడిద గదరా నాయనా."

అంతకుమించి ఆయన ఏమియు అనలేదు. లోనికి వెళ్ళి పడుకొనిరి. యువకుడు మాత్రము కదలక కూర్చుండెను. పదునాలుగేండ్ల వయస్సులో వేసవి సెలవులలో అదే అరుగుమీద తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును తాతగారు అతనిచేత వల్లె వేయించియుండిరి. ఆనాడు అర్థము కాక విసిగిన విషయము ఆ రాత్రి స్ఫురణకు వచ్చెను.

న్యాయమతమున కారణమునకు మూడు నియమములు. కార్యమునకు ముందు ఉండవలెను. నియతముగా, అనగా కార్యము కలిగిన ప్రతిమారును ముందు ఉండవలెను. మూడవది, అన్యథాసిద్ధము కారాదు. అనగా అది లేకున్నను కార్యము సిద్ధించునట్టి అనవసర వస్తువు కారాదు. విశ్వనాథ పంచాననుడు అన్యథాసిద్ధములను అయిదు విధములుగా విభజించెను. కుండకు కుమ్మరి సారెను త్రిప్పు కర్ర కారణము. కర్రకున్న రంగు కారణము కాదు. కుమ్మరి కారణము, కుమ్మరి తండ్రి కారణము కాదు. చివరిది గాడిద. మట్టిని మోసుకొనివచ్చిన గాడిద కుండకంటె ముందే వాకిట నిలిచియున్నది, నిజమే. కాని మట్టిని బండిమీద తెచ్చినను కుండ అగును. గాడిద లేకున్నను కుండ పుట్టుచున్నచో గాడిద కుండకు కారణము కాదు. ముందు వచ్చినంత మాత్రమున కారణమని తలచువాడు గాడిదకు కుండ వెల చెల్లించునట్టివాడు. ఇచట జరిగినది అంతకన్న చెడ్డది. కుండ పగిలినందుకు గాడిదను కొట్టుచున్నారు.

ఇంద్రియముల వివాదకథ కూడ అతనికి గుర్తుకు వచ్చెను. ఛాందోగ్యోపనిషత్తు అయిదవ అధ్యాయమున వాక్కు, చక్షువు, శ్రోత్రము, మనస్సు, ప్రాణము తమలో ఎవరు శ్రేష్ఠులని ప్రజాపతిని అడుగును. ఆయన తీర్పు చెప్పడు, పరీక్ష చెప్పును. ఎవరు వెడలిపోయిన ఈ శరీరము మిక్కిలి హీనమగునో వారే శ్రేష్ఠులని. వాక్కు ఒక సంవత్సరము వెడలిపోవును. శరీరము మూగదై బ్రదుకును. కన్ను వెడలును, గ్రుడ్డిదై బ్రదుకును. చెవి, మనస్సు కూడ అట్లే. కడపట ప్రాణము కదలబోగా, ఉత్తమాశ్వము కట్టుగొయ్యలను పెరికినట్లు తక్కిన ఇంద్రియములన్నియు పెకలుచున్నవి. ఒక్కొక్కదానిని తొలగించి ఏది లేకున్న ఏమగునో చూచుట. దీనికే వ్యతిరేకమని పేరు. మాడ్యూల్ తొలగింపబడినది, సర్వర్ నిలిచినది. ప్రజాపతి ఎదుట ఆ వాదము అప్పుడే ముగియవలసినది.

పరామర్శ

గురువారము పదునొకండు గంటలకు పది నిమిషములు ముందుగా సర్వర్ నిలిచెను. యువకుడు ఈమారు రీస్టార్ట్ చేయలేదు. ముందు ఆసుపత్రులకు ఫోను చేసి, మూడు నిమిషములు ఓపిక పట్టవలసినదని కోరెను. ఆ మూడు నిమిషములు నర్సులకు దీర్ఘముగా తోచినవి, అతనికి అంతకన్న దీర్ఘముగా తోచినవి. తొమ్మిది దినములనుండి ఎవరును సర్వర్‌కు ఈయని అవకాశము అది. అది నిలిచియున్న స్థితిలోనే దానిని ప్రశ్నించుట.

జావాలో జెస్టాక్ అను ఒక చిన్న సాధనము కలదు. నడచుచున్న ప్రక్రియలోని ప్రతి థ్రెడ్డును ఆ క్షణమున ఏ స్థానమున ఏమి చేయుచున్నదో అది వ్రాసి ఇచ్చును. ఒక్కమారు చాలదు. పది సెకండ్ల వ్యవధితో మూడుమార్లు తీసికొనవలెను. మూడింటను ఒకే స్థానమున కనబడినది నిజముగా నిలిచినదని తెలియును; స్థానము మారినది నెమ్మదిగానైనను నడచుచున్నదని తెలియును. అతడు మూడుమార్లు తీసికొని, ఆపై రీస్టార్ట్ చేసి, కాగితములు ముందుంచుకొనెను.

వందల కొలది థ్రెడ్లు. అన్నియు వెయిటింగ్ స్థితిలో. అన్నియు ఒకే వాక్యము వద్ద. డేటాబేస్ కనెక్షన్ కొరకు ఎదురుచూచుచు.

సంగతి ఇట్లుండును. డేటాబేస్‌తో సంబంధమును ప్రతిమారు క్రొత్తగా ఏర్పరచుకొనుట వ్యయముతో కూడిన పని. కావున కొన్ని కనెక్షన్లను ముందుగా సిద్ధపరచి ఒకచోట ఉంచుదురు. దానికి కనెక్షన్ పూల్ అని పేరు. పని ఉన్నవాడు ఒకటి తీసికొని, పని ముగిసినంతనే తిరిగి ఉంచవలెను. ఆ అప్లికేషన్‌లో అట్టివి ఇరవై. ఇరవైయును బయటనున్నచో ఇరువదియొకటవవాడు వేచియుండవలెను. ఎంతకాలము? అపాచీ డీబీసీపీ అను పూల్‌లో గడువును మనము చెప్పనిచో అది అనంతకాలము వేచియుండును. కోపింపదు, అరవదు, లాగ్‌లో ఒక్క అక్షరము వ్రాయదు. అందుకే పదిదినములుగా ఏ దోషవాక్యమును కనబడలేదు. దోషము లేక కాదు, ఎదురుచూపునకు అవధి లేక.

చెరువు ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. తూము క్రింద కాలువ పూడిపోయినది. పైన తూమును వెడల్పు చేసిన నీరు పారునా? థ్రెడ్లను 400 చేయుట అట్టి పనియే. వేచియుండువారి సంఖ్య పెరిగినది, అంతే.

ఇక ఇరవై కనెక్షన్లను పట్టుకొనియున్నది ఎవరు? ఆ అమ్మాయి వారము క్రితమే చెప్పిన సంఖ్య ఇదియే అని అతనికి అప్పుడు తట్టెను. ఆమెకు ఫోను చేసి, "అమ్మా, నువ్వు చూసింది ఎక్కడ చూశావో చెప్పు" అని అడిగెను. ఆమె చెప్పెను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తనతో సంబంధమున్న ప్రతి కనెక్షన్ యొక్క స్థితిని, అది చివరగా అడిగిన ప్రశ్నను ఒక పట్టికలో చూపును. సర్వర్ నిలిచిన క్షణములలో ఆమె ఆ పట్టికను భద్రపరచి ఉంచినది. ఇరవై కనెక్షన్లును ఏ పనియు చేయక, వ్యవహారమును మధ్యలో వదలి, కూర్చుండియున్నవి. ఇరవైయును చివరగా అడిగిన ప్రశ్న ఒక్కటియే. రోగి వయస్సును లెక్కించుటకు అతని జన్మతిథిని అడుగు ప్రశ్న.

పర్వతముమీద పొగ కనబడినది. ఇక నిప్పు ఎచటనున్నదో వెదకుట కష్టము కాదు.

జన్మతిథి లేనివారు

ఆ ప్రశ్నను అడుగు కోడ్ మూడు సంవత్సరముల నాటిది. కనెక్షన్ తీసికొనును, జన్మతిథిని చదువును, వయస్సును లెక్కించును, కనెక్షన్‌ను తిరిగి ఇచ్చును. జన్మతిథి ఖాళీగా ఉన్నచో లెక్కించునప్పుడే ఎక్సెప్షన్ పుట్టి, ఆ తరువాతి పంక్తిని చేరకయే బయటపడును. తిరిగి ఇచ్చుట అను పని ఆ తరువాతి పంక్తిలోనే ఉన్నది. పుట్టిన ఎక్సెప్షన్‌ను పైనున్న మరియొక భాగము పట్టుకొని నిశ్శబ్దముగా మ్రింగివేయుచున్నది. జన్మతిథి లేని రోగి ఒక్కొక్కరు వచ్చినప్పుడు ఒక్కొక్క కనెక్షన్ మరుగునపడుచున్నది. ఇరవైమంది వచ్చిన పిదప సర్వము స్తంభించును.

మూడేండ్లు నడచినది ఇప్పుడేల నిలిచెను? పాత ఆసుపత్రులలో రిజిస్ట్రేషన్ బల్ల వద్ద ఒక అలవాటు కలదు. వృద్ధులు పుట్టిన తేది తెలియదన్నచో ఉజ్జాయింపుగా ఒక సంవత్సరము వేసి జనవరి 1 అని వ్రాయుదురు. మాడ్యూల్ చేర్చిన సోమవారముననే ఒక చిన్న పట్టణములోని క్రొత్త ఆసుపత్రి కూడ చేరినది. అచటి గుమస్తా తెలియని దానిని వ్రాయలేదు. తెలియదన్నవారికి ఖాళీగా వదలెను. ఆ పట్టణములో అంగడి బుధవారము. ఆనాడు చుట్టుప్రక్కల పల్లెలనుండి వృద్ధులు అంగడికి వచ్చి, ఆసుపత్రిలో కూడ చూపించుకొని పోవుదురు. బుధవారములలో సర్వర్ త్వరగా, పలుమార్లు నిలిచినది అందువలననే. మూడు సంవత్సరములు అసత్యము ఆ దోషమును కప్పియుంచెను. ఒక గుమస్తా సత్యము వ్రాయగా అది బయటపడెను.

యువకుడు లోనికి తొంగిచూచెను. నాయనమ్మ మంచముమీద పడుకొనియున్నది. ఆమె పుట్టిన తేది ఎవరికిని తెలియదు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగిననాటికి తాను చంటిబిడ్డనని తల్లి చెప్పినట్లు మాత్రము ఆమెకు తెలియును. ఆధార్ కార్డుమీద ఆమె జన్మతిథి జనవరి 1. ఇంటిలోనే జన్మతిథి లేని మనిషి ఉండగా, జన్మతిథి ఉండనివారు లేరను విశ్వాసముతో ఎవడో ఆ కోడ్ వ్రాసెను.

ఎవడన్న ప్రశ్నకు సమాధానము కోడ్ చరిత్రలో ఉన్నది. అతడు తెరచి చూచెను. అచట ఉన్నది తన పేరే.

ఒక శుక్రవారము రాత్రి, మరునాటి గడువునకై తొందరపడుచు వ్రాసిన పదునెనిమిది పంక్తులు. చదువగా చదువగా గుర్తుకు వచ్చెను. తరువాత సరిచేయవలెనని ఆనాడు తలచెను. ఆ తరువాత అనునది రాలేదు.

అపరిగ్రహము

ఇట్టి స్తంభనములు ప్రపంచమున క్రొత్తవి కావు. 1965లో డైక్‌స్ట్రా ఊహించిన సమస్యలో కొందరు ఒకే బల్ల చుట్టు భోజనమునకు కూర్చుందురు. ప్రతివాడును ఒక చేతి ఫోర్కును పట్టుకొని రెండవ దానికై వేచియుండును. ఎవడును వదలడు, ఎవడును తినడు. నేడు ఆ సమస్య భోజనమునకు కూర్చున్న తత్త్వవేత్తల పేరుతోనే ప్రసిద్ధము. 1971లో కాఫ్‌మన్, మరి ఇద్దరు కలిసి అట్టి ప్రతిష్టంభనకు నాలుగు నియమములు చెప్పిరి. అందొకటి ఉన్నది వదలక మరియొక దానికై వేచియుండుట. 1997 జూలై 4న కుజగ్రహముమీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటరు కూడ కొన్ని దినములకే మాటిమాటికి తనంతట తాను రీసెట్ కాజొచ్చెను. అల్పప్రాధాన్యము గల ఒక పని పట్టుకొనియున్న తాళము కొరకు ముఖ్యమైన పని వేచియుండుట దానికి కారణము. ఇంజనీరులు భూమిమీది నమూనాలో ఆ దోషమును మరల పుట్టించి చూచి, ఆపైననే సవరణను అంతరిక్షమునకు పంపిరి. వారికిని రీసెట్ చికిత్స కాలేదు.

శివ్వంపేట యువకుని సమస్య సరిగా ప్రతిష్టంభన కాదు. ఇచట పట్టుకొనినవారు మరి దేనికొరకును వేచియుండలేదు. పట్టుకొనిన సంగతియే మరచిరి. యోగశాస్త్రమున యమములలో చివరిది అపరిగ్రహము. దానిని సాధారణముగా అధికముగా కూడబెట్టకుండుటగా చెప్పుదురు. ఇచట మరియొక ముఖము కనబడును. తీసికొనుట దోషము కాదు, వాడుకొనుట దోషము కాదు. పని ముగిసిన పిదప, పని చెడిన పిదప కూడ, తిరిగి ఇచ్చుట ధర్మము. పని సవ్యముగా జరిగిన దినమున తిరిగి ఇచ్చుట సులభమే. పని చెడి గాబరాలో బయటపడునప్పుడు కూడ ఇచ్చుటయే వ్రతము. 2011లో వచ్చిన జావా 7 ఈ వ్రతమును భాషలోనే చేర్చినది. కోడ్‌ను ఆ రీతిని వ్రాసినచో మధ్యలో ఏమి జరిగినను తీసికొనినది తిరిగి చేరును.

మధ్యాహ్నము అతడు పరీక్షా సర్వర్‌మీద దానిని నిరూపించెను. జన్మతిథి లేని రోగిని ఇరవైమార్లు పంపెను, నడచెను. ఇరువదియొకటవమారు నిలిచెను. రీస్టార్ట్ చేసి, జన్మతిథి ఉన్న రోగిని వేయిమార్లు పంపెను, నిలువలేదు. కోడ్ సరిచేసి, జన్మతిథి లేని రోగిని వేయిమార్లు పంపెను, నిలువలేదు. కారణమున్న కార్యమున్నది. కారణము లేకున్న కార్యము లేదు. అన్వయవ్యతిరేకములు రెండును సిద్ధించినవి.

నివేదిక

గురువారము రాత్రి నివేదిక వ్రాయుట ఒక్కటే మిగిలెను. మరునాటి ఉదయము ఆ అమ్మాయి సమీక్ష.

ఎన్ని విధముల వ్రాయవచ్చునో అతనికి తెలియును. "కనెక్షన్ పూల్ అమరికలు సవరింపబడినవి" అని ఒక పంక్తి వ్రాసిన చాలును. అందు అసత్యము లేదు. గడువును పది సెకండ్లుగా అమర్చినది నిజమే. ఎవరును కోడ్ చరిత్రను తెరచి చూడరు. సర్వర్ నిలువదు, అందరును సంతోషింతురు. ఆ అమ్మాయి సంగతి ఏమగునన్నది మాత్రము ఆ పంక్తిలో ఉండదు.

అదే మెదక్ జిల్లాలోని కొల్చారమునకు చెందినవాడని ప్రసిద్ధికెక్కిన కోలాచల మల్లినాథసూరిని గూర్చి తాతగారు తరచు చెప్పుచుండిరి. కాళిదాసు కావ్యములకు సంజీవని, భారవి కావ్యమునకు ఘంటాపథము, మాఘమునకు సర్వంకష వ్రాసిన వ్యాఖ్యాతృచక్రవర్తి ఆయన. వ్యాఖ్య ఆరంభమున ఆయన చేసిన ప్రతిజ్ఞ పండితలోకమున సుప్రసిద్ధము. మూలములో ఆధారము లేనిది వ్రాయననియు, అవసరము లేనిది చెప్పననియు దాని భావము. ఈ ప్రతిజ్ఞ చదివినప్పుడు అది నియంత్రణగా తోచును. నివేదిక వ్రాయ కూర్చున్నప్పుడు దాని రెండవ అర్థము తెలియును. ఆధారమున్న దానిని, అవసరమైన దానిని విడువరాదని.

అతడు వ్రాసెను. ఏ ఫైలు, ఏ పంక్తి, ఏ తేది, వ్రాసినది ఎవరు. తన పేరు వ్రాసెను. క్రొత్త మాడ్యూల్ డేటాబేస్‌ను వాడదనియు, దానిని తొలగించిన పిదప కూడ సర్వర్ నిలిచినందున అది కారణము కాజాలదనియు వ్రాసెను. ఇరవై కనెక్షన్ల సంగతిని ఆ అమ్మాయి మొదటి గురువారముననే గమనించి తెలిపెననియు, దానిని వినినచో ఒక వారము ముందే దోషము దొరకెడిదనియు, వినని వాడు తానేననియు వ్రాసెను. బుధవారపు సమావేశములో తాను పలికిన మాటను ఉపసంహరించుకొనుచున్నానని చివర వ్రాసెను. పంపుటకు ముందు రెండుమార్లు చదివి, ఒక విశేషణమును తొలగించి, పంపెను.

మేనేజరు రెండు దినములు బదులు చెప్పలేదు. సమీక్ష మాత్రము వాయిదా పడి, మరు వారములో ఆ అమ్మాయి ఉద్యోగము స్థిరమైనది. సంస్థలో ఒక నియమము వచ్చెను. సర్వర్ నిలిచినచో ముందు థ్రెడ్ల స్థితిని వ్రాసికొనవలెను, ఆపైననే రీస్టార్ట్. యువకునికి ఆ సంవత్సరపు జీతపు పెంపుదల తక్కువగా వచ్చెను. దానికి కారణము నివేదికయా కాదా అని అతడు విచారింపలేదు. ముందు వచ్చినదెల్ల కారణము కాదని అప్పటికి నేర్చియుండెను.

కారణాన్వేషణమున మనస్సు సహజముగా బయటినుండి మొదలిడును. క్రొత్తవారు, పరాయివారు, బలహీనులు మొదట కనబడుదురు. తన వద్దకు చేరుసరికి దారి చాల పొడవుగా ఉండును. అందుచేతనే పెద్దలు విచారమును లోనికి త్రిప్పుమనిరి. ఆ ఉపదేశమును మోక్షవిషయమునకు మాత్రమే పరిమితము చేయుట మన అలవాటు. పదునెనిమిది పంక్తుల కోడ్‌కును అది వర్తించును.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ తెరమీద జన్మతిథి ప్రక్కన "తెలియదు" అని ఒక గడి ఉన్నది. దానిని చేర్చినది ఆ అమ్మాయియే. బుధవారము అంగడినాడు పల్లెలనుండి వచ్చిన వృద్ధులు పుట్టిన తేది తెలియదని చెప్పుదురు. గుమస్తా ఆ గడిని నొక్కును. ఇరువదియొకటవ రోగి తరువాత ఇరువదిరెండవ రోగి వచ్చును.